పైన తాడు ఎవరు కట్టారు?

మా కంపెనీ గేటు దాటగానే కుడిపక్క ఒక ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని పైన పెద్దక్షరాలు, కింద మూడు అంకెలు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఆ అంకె మార్చేది నేనే. పటాన్‌చెరు దాటాక, ముంబై హైవే మీద ఇస్నాపూర్ వైపు వచ్చే ఏ ఫ్యాక్టరీలోకి వెళ్ళినా ఇలాంటి బోర్డు, అది మార్చే నాలాంటి ఒక సేఫ్టీ మనిషి కనిపిస్తారు. సినిమా గురించి రాస్తానని ఒప్పుకుని బోర్డుతో మొదలుపెట్టాడేంటి అనుకోకండి. ఈ మార్చిలో ‘పూర్ణ’ సినిమాని రెండోసారి చూసింది ఆ బోర్డుకి నలభై అడుగుల దూరంలో, మా క్యాంటీన్ హాల్లోనే.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. ఆ వారమంతా మాకు వ్యాసరచన పోటీలు, స్లోగన్లు, ఫైర్ డ్రిల్లు. ఈసారి హెచ్‌ఆర్ వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది: ‘ఎత్తు మీద పని’ మీద ట్రైనింగ్ ఎలాగూ ఉంది కాబట్టి, ఎవరెస్టు ఎక్కిన అమ్మాయి సినిమా వేద్దాం, మోటివేషన్‌గా ఉంటుంది. పర్మనెంట్ వాళ్ళు ముందు కుర్చీల్లో, కాంట్రాక్ట్ వాళ్ళు వెనక బెంచీల మీద, కొందరు నేల మీద. సినిమా హిందీ కాబట్టి ఆ రోజు వెనక వాళ్ళకే ఎక్కువ అర్థమైంది. మామూలుగా మా ట్రైనింగుల్లో దీనికి ఉల్టా జరుగుతుంది.

సినిమా అయ్యాక చప్పట్లు కొట్టారు. హెచ్‌ఆర్ మేడమ్ ‘ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి’ అంది. ఎవరూ అడగరని తెలిసే అడిగే మాట అది. వెనక నుంచి ఒకతను చెయ్యెత్తాడు. షెడ్ల మీద రేకులు మార్చే గ్యాంగులో పని. హిందీలో అడిగాడు: “సార్, ఆ పిల్ల హుక్ వేసుకుని ఎక్కిన తాడు ఉంది కదా. అది పైన ఎవరు కట్టారు?”

కొందరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అది మా వృత్తిలో మొదటి ప్రశ్న. హార్నెస్ ఎంత ఖరీదైనదైనా, హుక్ దేనికి తగిలించావన్నదే లెక్క. రెండు హుక్కులు ఇస్తాం. ఒకటి తీసి ముందుకి జరపాలంటే రెండోది తగిలే ఉండాలి. ఎప్పుడూ ఒకటి పట్టుకునే ఉండాలి. ఎవరెస్టు మీద కూడా ఇదే పద్ధతి. కింద నుంచి పైదాకా కొండకి బిగించిన తాడు ఉంటుంది, ఎక్కేవాళ్ళు జూమర్ అనే పిడిని దానికి తగిలించి పైకి జరుపుకుంటూ పోతారు. తాడుకి ముడి ఉన్నచోట ఒక హుక్ తీసి అవతల వేసి, తర్వాత రెండోది. క్లయింట్లకి ఇది నేర్పిస్తారు. అయితే తాడు దానంతటది అక్కడికి రాదు. ప్రతి సీజన్లో క్లయింట్ల కన్నా ముందు కొందరు, తమకు పైన ఏ తాడూ లేకుండా వెళ్ళి, మంచులో మేకులు దిగ్గొట్టి కట్టి వస్తారు. మా దగ్గర లైఫ్‌లైన్ కట్టేవాడికి కట్టేటప్పుడు లైఫ్‌లైన్ ఉండదు. ఆ రోజు చెయ్యెత్తిన మనిషి రోజూ చేసేది ఆ పనే. అందుకే సినిమా మొత్తంలో అతను చూసింది అదొక్కటి.

ఇక సినిమా. రాహుల్ బోస్ తీసిన ‘పూర్ణ’ 2017 మార్చి 31న వచ్చింది. అప్పుడు మల్టీప్లెక్స్‌లో చూసి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాను. ఇప్పుడూ ఆ మొదటి సగం నాకిష్టమే. నిజామాబాద్ జిల్లా పాకాల, లంబాడా కుటుంబం, వ్యవసాయ కూలి చేసే అమ్మానాన్నలు. పూర్ణ, ఆమె పెదనాన్న కూతురు ప్రియ. ఫీజు కట్టలేదని బడి ఊడ్చే ఇద్దరు పిల్లలు. గురుకులంలో తిండీ చదువూ ఉచితమని ప్రియకే ముందు తెలుస్తుంది, పారిపోదామన్న ఆలోచనా ఆమెదే. చివరికి ప్రియకి పెళ్ళవుతుంది, పూర్ణ హాస్టల్‌కి వెళ్తుంది. ఇదంతా బోస్ గొంతు పెంచకుండా చెప్పాడు. అదితి ఇనాందార్ ముఖంలో ‘నేను హీరోయిన్ని’ అన్న భావం ఒక్క ఫ్రేములోనూ ఉండదు. హాస్టల్ తిండి తినలేక పిల్ల పారిపోతే, ఆ తిండి ఏంటో చూడటానికి అధికారి బయల్దేరతాడు. ఆ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, ఆ పాత్ర వేసింది బోసే. దర్శకుడే రక్షకుడి పాత్ర వేసుకోవడం మీద అప్పట్లో కొందరు విసుక్కున్నారు. నాకది పెద్ద ఇబ్బంది అనిపించలేదు, ఆ పాత్ర ఉపన్యాసాలు తక్కువే ఇస్తుంది. నాకు లోటనిపించింది భాషలో. ఇంట్లో లంబాడీ, ఊళ్ళో తెలుగు, గురుకులంలో ఇంగ్లీషు. ఆ పిల్ల రోజుకి మూడు భాషలు దాటుతుంది. అది కూడా ఒక ఎక్కుడే. సినిమా వాటన్నిటినీ ఒకే హిందీగా చదును చేసేసింది.

తర్వాత భువనగిరి. మాకు ఔటర్ ఎక్కితే హైదరాబాద్‌కి అవతలి వైపు. ఒకే రాయి, గుడ్డులా నునుపు. గురుకులాల పిల్లలకి శేఖర్ బాబు బాచినేపల్లి లాంటి శిక్షకులు రాతి మీద ఎక్కడం నేర్పించింది అక్కడే. అక్కడి నుంచి వడగట్టుకుంటూ డార్జిలింగ్‌, లద్దాఖ్ చలి, చివరికి ఇద్దరు. పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకి 13 ఏళ్ళ 11 నెలలు. తెలంగాణ రావడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. నేపాల్ వైపు పదహారేళ్ళ లోపు వాళ్ళకి పర్మిట్ ఇవ్వరు కాబట్టి ఉత్తరం నుంచి వెళ్ళారు.

సినిమాలో ఈ కొండ భాగం దగ్గరకొచ్చేసరికి నాకు ఏదో వెలితి. 2017లో అది బడ్జెట్ సమస్య అనుకున్నాను. క్యాంటీన్‌లో చూశాక, కాదనిపించింది. మొదటి సగంలో సినిమాకి ఒక విషయం బాగా తెలుసు: ఒకరు పైకి వెళ్ళడం వెనక, వెళ్ళలేకపోయిన ఇంకొకరు ఉంటారు. ప్రియ చనిపోవడం, ఆ దుఃఖంలో పూర్ణ అన్నీ వదిలేద్దామనుకోవడం, మళ్ళీ లేచి రావడం — కథకి ఇరుసు అదే. పూర్ణ ఎక్కే ప్రతి అడుగులో ప్రియ ఉందని మనకి నమ్మకం కలిగిస్తుంది. అంత జాగ్రత్తగా లెక్క పెట్టిన సినిమా, మంచు మీదికి రాగానే లెక్కపెట్టడం మానేసింది. బరువు మోసినవాళ్ళు, గుడారం వేసినవాళ్ళు, టీ కాచినవాళ్ళు, ఆక్సిజన్ సిలిండర్ మార్చినవాళ్ళు. ఫ్రేములో కదులుతుంటారు, నిజమే. ఒక్కరూ పాత్రగా నా మనసులో మిగల్లేదు. ఊళ్ళో తనకి తెలిసిన న్యాయాన్ని సినిమా బేస్ క్యాంపులో వదిలేసి వెళ్ళింది. నా ఫిర్యాదు ఇంతే. బయట నుంచి తెచ్చిన కొలబద్దతో కాదు, దాని కొలబద్దతోనే కొలుస్తున్నాను.

ఆనాటి వార్తలు మళ్ళీ చదివాను. 52 రోజుల యాత్ర, ఇద్దరు విద్యార్థులు, వాళ్ళ వెంట పదిమంది నేపాలీ గైడ్లు అని ఉంది. పేర్లు ఇద్దరివే. ఆ దారిలో, 8,600 మీటర్లకి దగ్గర్లో ‘సెకండ్ స్టెప్’ అనే నిట్టనిలువు రాతి గోడ ఉంది. దాని మీద 1975లో చైనా బృందం ఒక అల్యూమినియం నిచ్చెన బిగించింది. ఆ తర్వాత ఉత్తరం నుంచి వెళ్ళిన వేలమంది దాని మీదుగానో, తర్వాత పెట్టిన దాని మీదుగానో పైకి చేరారు. గైడెడ్ యాత్ర అంటే ఇదే. కొండ ఎక్కడానికి ముందే కొండని కొంత ‘తయారు’ చేసి పెడతారు. ఇది తక్కువ చేసి అంటున్న మాట కాదు. తాడు ఉన్నా, నిచ్చెన ఉన్నా, ఆ ఎత్తులో గాలి పీల్చి అడుగు వెయ్యాల్సింది ఆ పిల్ల కాళ్ళే. అయినా తాడు ఉంది.

అదే 2014, అదే కొండ, అవతలి వైపు. ఏప్రిల్ 18 తెల్లవారుజామున ఖుంబూ మంచుపాతంలో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురి శవాలు దొరకనే లేదు. క్లయింట్లు ఒక సీజన్లో ఆ మంచుపాతాన్ని కొద్దిసార్లే దాటుతారు. బరువులు మోసేవాళ్ళు దానికి ఎన్నో రెట్లు దాటాలి, ఎందుకంటే గుడారాలూ, గ్యాసూ, తాళ్ళూ, ఆక్సిజనూ పైకి చేరాలి కదా. ఆ సమయంలో ఆస్ట్రేలియా దర్శకురాలు జెన్నిఫర్ పీడమ్ అక్కడ కెమెరాతో ఉంది. అంతకుముందు ఏడాది షెర్పాలకీ, యూరప్ నుంచి వచ్చిన కొందరు పర్వతారోహకులకీ కొండ మీదే కొట్లాట జరిగింది. అసలు షెర్పాలు ఈ పని గురించి ఏమనుకుంటున్నారో తీద్దామని వెళ్ళింది. తీస్తుండగా ఇది జరిగింది. 2015లో వచ్చిన ఆ డాక్యుమెంటరీ పేరు ‘షెర్పా’. క్యాంటీన్‌లో ఆ ప్రశ్న విన్న రాత్రి దాన్ని వెతుక్కుని చూశాను. ఈ రెండు సినిమాలు ఒకదానికొకటి తెలియకుండా ఒకే కథ రెండు కొసల నుంచి చెబుతున్నాయి.

పీడమ్ సినిమాలో మధ్యలో ఉండే మనిషి ఫుర్బా తాషి. 21 సార్లు ఎవరెస్టు ఎక్కాడు. ఇంకొక్కసారి ఎక్కితే ప్రపంచ రికార్డు. ఇంట్లో వాళ్ళకి ఆ రికార్డు అక్కర్లేదు, మనిషి కావాలి. ప్రమాదం తర్వాత నేపాల్ ప్రభుత్వం మొదట ఒక్కో కుటుంబానికి 40,000 రూపాయలు (వాళ్ళ రూపాయలే) ప్రకటిస్తుంది. బేస్ క్యాంపులో షెర్పాలు మీటింగు పెట్టి, ఈ ఏడాది ఎక్కం అంటారు. ట్రేడ్ యూనియన్ మీటింగుని అంత ఎత్తులో నేను సినిమాలో చూడటం అదే మొదటిసారి. డబ్బు కట్టి వచ్చిన క్లయింట్లు డైనింగ్ టెంట్‌లో కూర్చుని వింటుంటారు. అందులో ఒకాయన చాలా అమాయకంగా అడుగుతాడు, వీళ్ళ ‘ఓనర్ల’తో మాట్లాడి అడ్డం తీయించలేరా అని. దర్శకురాలు ఏ వ్యాఖ్యానమూ చెయ్యదు. చెయ్యనవసరం లేదు.

ఆ సినిమాకీ లోపాలున్నాయి. షెర్పాల తరఫున తీసినదే అయినా వివరించే గొంతుల్లో చాలా బయటివే. సంగీతం కొన్నిచోట్ల మనల్ని గిల్లి ఏడిపిస్తుంది. అయినా ఒక మంచి పని చేసింది. ‘షెర్పా’ అనేది ఉద్యోగం పేరు కాదు, ఒక జాతి పేరు అని గుర్తుచేసింది. ఇంటిపేరు ఉద్యోగం పేరుగా మారిపోవడం మాకు కొత్తేం కాదు. పాశమైలారంలో, బొల్లారంలో ఒడిశా నుంచి వచ్చినా, జార్ఖండ్ నుంచి వచ్చినా, యూపీ నుంచి వచ్చినా అందరూ ‘బిహారీలే’. “రేపు నలుగురు బిహారీలు కావాలి” అని కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తారు. అంటే నలుగురు వెల్డర్లనో హెల్పర్లనో. ఆ ఫోన్ నేనూ చేశాను, ఒకసారి రెండుసార్లు కాదు.

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగింది, నలభై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్ళే. కొందరిని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సొచ్చింది. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయలేను. ‘షెర్పా’లో దొరకని ముగ్గురి ప్రస్తావన వచ్చినప్పుడు సినిమా ఆపి కాసేపు బయట నిలబడ్డాను.

ఇప్పుడు బోర్డు సంగతి. మూడేళ్ళ కిందట, మా దగ్గర కాదు, అంతకుముందు నేను పనిచేసిన చోట, ఒక కాంట్రాక్ట్ మనిషి రేకుల షెడ్డు మీద నుంచి పడ్డాడు. హార్నెస్ వేసుకున్నాడు. హుక్ తగిలించడానికి పైన ఏమీ లేదు. పర్మిట్ మీద ‘లైఫ్‌లైన్ ఉంది’ అన్న గడిలో టిక్ ఉంది. తుంటి విరిగింది, బతికాడు. ఒడిశా వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున బోర్డు దగ్గర నిలబడి పైవాళ్ళని అడిగాను, అంకె సున్నా చెయ్యాలా అని. “మన రోల్స్ మీద ఉన్నవాళ్ళకే లెక్క” అన్నారు. ముందురోజు 412. నేను 413 పెట్టాను. పర్మిట్ మీద టిక్ ఎవరిదంటారా? నాదే. కింద నుంచి చూసి పెట్టాను, పైకెక్కి చూడలేదు.

పర్మిట్ అన్న మాట కొండ మీదా ఉంది. 2025 సెప్టెంబరు నుంచి నేపాల్ వైపు ఎవరెస్టు వసంతకాలం పర్మిట్ 11,000 డాలర్ల నుంచి 15,000 అయింది. మా తెల్లాపూర్, కొల్లూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కిలిమంజారో ప్యాకేజీలు, బేస్ క్యాంప్ ట్రెక్కులు తిరుగుతుంటాయి. దిగివచ్చాక పెట్టే ఫొటోలో ఒక్కళ్ళే ఉంటారు. ఆ ఫొటో తీసిందెవరో మాత్రం ఉండదు. మన దగ్గర నిజంగా ఒంటరిగా వెళ్ళిన మనిషి ఒకాయన ఉన్నాడు, నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం వాడు మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు పూర్తిచేశాడు. 2015లో ఆండీస్‌లో ఒక్కడే వెళ్ళి తిరిగి రాలేదు. ఒంటరి అన్న మాట ఆ చివరి యాత్రకి నిజం. దాన్నే అచ్చు తీసి అందరి ఫొటోలకీ తొడుగుతున్నాం. పూర్ణ కథకి అది సరిపోదు, ఆమె వెళ్ళిందే గుంపుగా.

ఇదంతా క్యాంటీన్‌లో మా క్యూసీ ల్యాబ్‌లో పనిచేసే ఒకమ్మాయితో అన్నాను. నారాయణఖేడ్ వైపు తండా నుంచి వచ్చింది, గురుకులంలో చదువుకుంది. నేను సినిమా గురించి చెప్తుంటే టీ తాగడం ఆపి విన్నది. తర్వాత అన్నది:

“ఒక మాట అంట, ఏమనుకోకు అన్నా. ఇన్నేండ్ల నుంచి పైన ఎవలెవలి పేర్లో ఉన్నయి. అప్పుడు ఎవలూ అడగలే. మా పిల్ల పేరు ఒక్కసారి పైన పడ్డదో లేదో, మీకు పక్కోళ్ళ పేర్లు యాదికొచ్చినయా?”

నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. ఆమె అన్నది నిజం. దొరలు ఎక్కిన పుస్తకాలు పెట్టెలకొద్దీ చదివి, కూలివాళ్ళ కూతురు ఎక్కిన సినిమా దగ్గర లెక్కలు తియ్యడంలో ఏదో అన్యాయం ఉంది. పూర్ణ అమ్మానాన్నలు రోజుకూలీకి వెళ్ళినవాళ్ళు. ఎవరెస్టు మీద క్లయింట్‌గా నడిచిన వాళ్ళలో, మోసేవాళ్ళ ఇంట్లోంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఆ యాత్రకి డబ్బు పెట్టింది ఏ కార్పొరేట్ కంపెనీ సరదా కోసమో కాదు, సర్కారు బడి కోసం. దాని అర్థం వేరు. 2022లో దెనాలి ఎక్కి ఆమె ఏడు శిఖరాలూ పూర్తిచేసినప్పుడు మా నారాయణఖేడ్ అమ్మాయి స్టేటస్ మూడు రోజులు అదే.

కానీ ఆమె మాట విన్నాక నాకు పూర్ణ శిక్షణ తీసుకున్న డార్జిలింగ్ సంస్థ గుర్తొచ్చింది. హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1954లో పెట్టారు. అక్కడ శిక్షణకి మొదటి డైరెక్టర్ టెన్జింగ్ నార్గే. ఆయన కొండకి మొదట వెళ్ళింది 1935లో, బరువులు మోసే కూలిగా. 1953లో పైకి చేరాక, ముందు అడుగు పెట్టింది హిల్లరీనా, నువ్వా అని లోకమంతా వెంటపడింది. రెండేళ్ళ తర్వాత తన ఆత్మకథలో హిల్లరీయే ముందు అని తేల్చి చెప్పేశాడు. మనలాంటి వాళ్ళకి అది పెద్ద విషయం అనిపిస్తుంది. ఒకే తాడుకి కట్టుకున్న ఇద్దరి మధ్య ముందేంటి, వెనకేంటి అన్నది ఆయన చిరాకు. మోసేవాడిగా వచ్చి నేర్పేవాడైన మనిషి నేర్పిన బడిలో, కూలి పిల్ల వెళ్ళి నేర్చుకుంది. ఇంత మంచి దారం సినిమా చేతికి దొరికి కూడా వదిలేసింది. టెన్జింగ్ నుంచి పూర్ణ దాకా, పూర్ణ నుంచి ఆ పదిమంది దాకా లాగి ఉంటే మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు సినిమాలోనే ఉండేది. ఆమె పేరు తగ్గకుండానే మిగతా పేర్లు వచ్చేవి. ప్రియ పేరు వచ్చినందువల్ల పూర్ణ పేరేమీ తగ్గలేదు కదా.

ఇది ఆమెకి చెప్పాను. “ఏమో” అన్నది. ఒప్పుకోలేదు, కొట్టెయ్యనూ లేదు. ‘షెర్పా’ లింకు పంపమంది.

నాలుగు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి మెసేజ్. ఓనర్లు అన్న మాట దగ్గర ఆపేశానని, మిగతాది రేపు చూస్తానని. మర్నాడు ఆమెకి ఏ షిఫ్టు, నాకు జనరల్. నేను బోర్డు దగ్గర అంకె మారుస్తుంటే ల్యాబ్ నుంచి టిఫిన్‌కి బయటికొస్తూ ఆగింది. పాత కంపెనీలో జరిగిన సంగతి ఆమెకి నేనే ఎప్పుడో చెప్పాను.

“ఆ పడ్డ అన్న పేరేందన్నా?” అని అడిగింది.

చెప్పాను. ఊరు కూడా అడిగింది. బరంపురం దగ్గర అని మాత్రమే తెలుసు, అదీ చెప్పాను.